పిట్టగోడ మీది వెండి నాచు: గుర్తుపట్టి ప్రమిదలో పెంచడం ఎలా?

బెంగళూరులో అద్దె ఇల్లు తీసుకున్న మొదటి ఏడాదే పాచి మీద మా అత్తయ్యకూ నాకూ పేచీ వచ్చింది. తెనాలి నుంచి వచ్చిన ఆవిడ మూడో రోజునే బ్లీచింగ్ పొడి డబ్బా, కొబ్బరి ఈనెల చీపురు పట్టుకుని మేడెక్కారు. "ఇంత పాచి పెట్టుకుని ఎలా తిరుగుతున్నావమ్మా, కాలు జారితే నడుం విరుగుతుంది" అన్నారు. మెట్ల మీది పాచి గురించి ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. అది తోమేయవలసిందే. కానీ పిట్టగోడ మీద, సిమెంటు నెర్రెల వెంబడి, బూడిద వెండి రంగులో ముఖమల్ గుడ్డ పరిచినట్టున్నది వేరు. నేను అడ్డం పడి కాపాడింది దాన్నే.

తెలుగులో దీనికి సొంత పేరు లేకపోవడం ఒక ఇబ్బంది. చెరువులో తేలేదీ నాచే, గోడ మీద మొలిచేదీ నాచే. కాలు జారించేది పాచి, పళ్లు తోమని నోరూ పాచే. కన్నడంలోనూ పాచి అనే అంటారు కాబట్టి ఇంటి యజమానికి తేడా వివరించడం కూడా అంతే కష్టమైంది. శాస్త్రజ్ఞులు దీన్ని బ్రయం ఆర్జెంటియం అంటారు. హెడ్విగ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు చనిపోయిన రెండేళ్లకు, 1801లో అచ్చయిన ఆయన గ్రంథంలో ఈ పేరు నమోదైంది. ఆర్జెంటియం అంటే లాటిన్‌లో వెండిది అని. అందుకే నేను వెండి నాచు అంటున్నాను. ఇది అంటార్కిటికాతో సహా అన్ని ఖండాల్లోనూ ఉంది. పొగ, దుమ్ము, తొక్కిడి దీన్ని పెద్దగా బాధించవు. బెంగళూరులో ఇది బాగా బతకడానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

మొదటి పని: ఏది వెండి నాచో తేల్చుకోవడం

వాన పడి రెండు మూడు రోజులు ఎండ కాసిన తర్వాత వెతకండి. తడిగా ఉన్నప్పుడు అన్ని నాచులూ పచ్చగా ఒకేలా ఉంటాయి, తేడా తెలిసేది ఎండినప్పుడే. కాంపౌండు గోడ పైభాగం, కాలిబాట రాతి పలకల మధ్య సందులు, నీళ్ల ట్యాంకు దిమ్మె, ఇటుకల కుప్ప, పాత కుండీ అంచు చూడండి. బసవనగుడి, మల్లేశ్వరం వంటి పాత పేటల్లో సాదరహళ్లి రాళ్లు పరిచిన కాలిబాటలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ఆ రాళ్ల నడుమ దుమ్ము చేరిన గీతల్లో ఇది వెండి జరీ అంచులా కనబడుతుంది.

చేతిలో భూతద్దం ఉండాలి. కంసాలులు కంటికి బిగించుకునే రకం, పది రెట్లు పెద్దగా చూపేది సరిపోతుంది. ఫోను కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసినా చాలావరకు తెలుస్తుంది. చూడవలసింది ఒక్కొక్క కాడను. వెండి నాచు కాడ సాధారణంగా సెంటీమీటరు లోపే ఉంటుంది. దాని చుట్టూ ఆకులు ఒకదాన్నొకటి కప్పుకుంటూ ఎంత బిగుతుగా ఉంటాయంటే, ఎండినప్పుడు కాడ మొత్తం సన్నగా అల్లిన జడలా కనిపిస్తుంది. ఒక్కో ఆకు ఇంచుమించు మిల్లీమీటరు, లేదా అంతకన్నా తక్కువ. ఆకు అడుగు పచ్చగా, పైభాగం గాజులా రంగు లేకుండా ఉంటుంది. ఆ పైభాగపు కణాల్లో పత్రహరితం ఉండదు. ఖాళీ అయిన ఆ కణాల మీద వెలుగు పడి తిరిగి రావడమే మనకు కనిపించే వెండి.

ఇప్పుడు వేలితో ఒక చుక్క నీళ్లు దాని మీద వదిలి భూతద్దంలోంచి చూడండి. చుక్క కాసేపు ముత్యంలా నిలబడి, ఒక్కసారిగా కాడల మధ్యకు ఇంకిపోతుంది. ఇంకిన చోట వెండి మాసిపోయి, లోపలి పచ్చదనం పైకి వస్తుంది. చుక్క తగలని పక్క భాగం మాత్రం బూడిద రంగులోనే ఉంటుంది. రెండింటి మధ్య సరిహద్దు గీత గీసినట్టు ఉంటుంది. నేను ఇప్పటికి వందసార్లు చూసి ఉంటాను, అయినా మళ్లీ చూస్తాను.

దీనితో పొరబడే వాటిలో ముఖ్యమైనది హయోఫిలా అనే మరో నాచు. మన గోడల మీద, ఇటుకల మీద చాలా మామూలుగా ఉంటుంది. ఎండితే ఆకులు లోపలికి చుట్టుకుపోయి, నల్లబడిన గోధుమ రంగు నూలు ముక్కల్లా ఉంటాయి. నీళ్లు చల్లితే చూస్తుండగానే విచ్చుకుని చిన్న చిన్న పచ్చ నక్షత్రాలవుతాయి. వెండి నాచు అంత ఆర్భాటంగా విచ్చుకోదు. ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివిన వాళ్లకు గుర్తుండే ఫ్యునేరియా కుండీల మట్టిలో, మంట పెట్టిన నేలలో ఎక్కువ. లేత పచ్చని మొగ్గల్లాంటి గుత్తులు, పొడవాటి కాడలు, వాటి చివర వంగిన బేరిపండు ఆకారపు గుళికలు దాని గుర్తులు. వెండి నాచుకు కూడా ఒక్కోసారి ఎర్రటి కాడ మీద తలకిందులుగా వేలాడే చిట్టి గుళికలు వస్తాయి. అయితే దీనిలో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు కావడంతో చాలా గుంపుల్లో గుళికలు అసలు కనిపించవు. అవి లేవని నిరాశ పడకండి.

ఆకులూ కాడలూ ఏమీ లేకుండా, రాయికి అంటుకుపోయిన బూడిద రంగు మచ్చ అయితే అది నాచే కాదు, లైకెన్. బిర్యానీలో వేసే రాతిపువ్వు ఆ జాతిదే. నేలకు అతుక్కుని చదునుగా, రెండేసి చీలికలుగా పాకేది రిక్సియా అనే వేరే మొక్క. వేలికి జిగురుగా తగిలే నల్లటి, పచ్చటి పొర ఏదైనా సరే అది మా అత్తయ్య పాచి.

రెండో పని: కాస్త తెచ్చుకోవడం

అరచేతిలో సగం పట్టేంత చాలు. మీ మేడ మీదిదే అయితే అడగవలసిన పని లేదు. పక్కింటి గోడ అయితే అడిగి తీసుకోండి, మహా అయితే విచిత్రంగా చూస్తారు. లాల్‌బాగ్, కబ్బన్ పార్కుల నుంచి మాత్రం తేవద్దు. అక్కడి మొక్క ఏదైనా ప్రజల సొత్తు, నాచుకు మినహాయింపు లేదు. అన్నిటికన్నా సులువైన చోటు, కూల్చేస్తున్న పాత ఇంటి ముందు పోసిన ఇటుకల గుట్ట. ఈ ఊళ్లో వీధికొకటి దొరుకుతుంది. రేపటికి లారీ ఎక్కేదే కాబట్టి మేస్త్రీని అడిగితే ఇటుకతో సహా ఇచ్చేస్తాడు.

తీసే ముందు నీళ్లు చల్లి పావుగంట ఆగండి. తడిస్తే అది సాగి, ముక్కలు కాకుండా వస్తుంది. గోడలకు లప్పం రాసే రేకు, లేదా గడువు తీరిన ఏటీఎం కార్డు అడుగుకు పోనిచ్చి మెల్లగా లేపండి. నాచుకు వేళ్లు ఉండవు. పట్టు కోసం నూలు పోగుల్లాంటి మూలతంతువులు ఉంటాయి, అంతే. అవి తెగినా నష్టం లేదు. గుంపు మొత్తం ఊడ్చేయకుండా సగం అక్కడే వదలండి.

తెచ్చినదాన్ని పాలిథిన్ సంచిలో మూసి పెడితే వేడికి ఉడికిపోతుంది. కాగితపు పొట్లంలో పెట్టండి.

మూడో పని: ప్రమిద సిద్ధం చేయడం

గాజు సీసాలో పెంచే అందమైన తోటలు చూసి ఆశపడే వాళ్లకు ముందే చెబుతాను, వెండి నాచు సీసాకు పనికిరాదు. గాలి ఆడని తేమలో కాడలు సాగి, ఆకులు వదులై, రంగు వెలిసిన పచ్చదనం మాత్రం మిగులుతుంది. వెండి కావాలంటే దాన్ని ఎండనివ్వాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా పెంపకమంతా తేలిక.

కార్తీక దీపాలకు వాడే పెద్ద మట్టి ప్రమిద, లేదా కుండీ కింద పెట్టే మట్టి పళ్లెం తీసుకోండి. నూనె తగలని కొత్తది కావాలి. దాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. లేకపోతే ఎండిన మట్టి మీరు పోసిన నీళ్లన్నీ ముందు తానే తాగేస్తుంది. అడుగున మేకుతో, లేదా డ్రిల్లుతో ఒక రంధ్రం చేయగలిగితే మరీ మంచిది. నేను సుత్తీ మేకూ వాడి మూడు ప్రమిదలు పగలగొట్టాక డ్రిల్లు అరువు తెచ్చుకున్నాను. రంధ్రం ఎందుకంటే, పళ్లెంలో నీళ్లు నిలిస్తే నాచు కుళ్లుతుంది, దోమలు గుడ్లు పెడతాయి. వానల్లో డెంగీ భయం ఉన్న ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు.

మట్టి మిశ్రమానికి రెండు పాళ్లు ఎం శాండ్ (రాయిని పిండి చేసి తీసే ఇసుక), ఒక పాలు ఇటుక పొడి, ఒక పాలు ఎర్రమట్టి. అన్నీ పిండి జల్లెడలో జల్లించి కలపండి. ఆ జల్లెడ మళ్లీ వంటింట్లోకి రాదు కాబట్టి పాతదే తీసుకోండి. ఈ నాచు సిమెంటు మీద పెరిగేది, కాబట్టి కాస్త సున్నపు గుణం ఉన్న మట్టితో పేచీ లేదు. కంపోస్టు, పేడ ఎరువు, కొబ్బరి పీచు పొడి ఏవీ వేయకండి. బలం ఎక్కువైన చోట నాచుకన్నా ముందు జిగురు పాచీ కలుపు మొక్కలూ పట్టుకుంటాయి. మిశ్రమాన్ని ప్రమిదలో వేలెడు మందాన పోసి, నీళ్లు చిలకరించి, గిన్నె అడుగుతో గట్టిగా నొక్కండి. పైభాగం గోడలా గట్టిగా ఉండాలి, పూలమడిలా గుల్లగా కాదు.

నాలుగో పని: నాటడం

తొందర ఉన్నవాళ్లు తెచ్చిన నాచును ముక్కలుగా మట్టి మీద పెట్టి, గట్టిగా అదిమి, నీళ్లు చల్లవచ్చు. అడుగున గాలి మిగిలితే అతుక్కోదు, అందుకని వేలితో కాకుండా అరచేతితో బరువు వేసి నొక్కండి. ముక్కకూ ముక్కకూ మధ్య అంగుళం ఖాళీ ఉన్నా నిండుతుంది.

నాకు నచ్చింది రెండోది, విత్తడం. విత్తనాలు లేని మొక్కను విత్తడమేమిటి అనకండి. నాచు కాడ విరిగి ముక్కలైనా, ముక్క ముక్కా కొత్త మొక్క కాగలదు. వీధిలో ఇది పాకేది కూడా ఎక్కువగా ఇలాగే, చెప్పుల అడుగున, వాన నీటిలో కొట్టుకుపోతూ. తెచ్చిన నాచును కాగితం మీద నీడలో రెండు రోజులు ఎండబెట్టండి. వేళ్ల మధ్య నలిపితే పెళపెళమని పొడి అవుతుంది. టీ వడగట్టే జల్లెడలో వేసి రుద్దితే మట్టి, రాళ్లు పైన మిగిలి, బూడిద పచ్చ రంగు పొడి కిందికి దిగుతుంది. తడి మట్టి మీద ఆ పొడిని ముగ్గు చల్లినట్టు పలచగా చల్లి, అరచేతితో అద్ది, సన్నటి తుంపరతో తడపండి.

మజ్జిగలో నాచు రుబ్బి గోడకు పూయమనే చిట్కా చాలామంది చెబుతారు. నేనూ చేశాను. వారం తిరగకుండా ప్రమిద నిండా తెల్లటి బూజు, దగ్గరికి వెళ్తే పులిసిన వాసన. నాచుకు మజ్జిగ అక్కరలేదు, బూజుకు కావాలి. ఆ గ్లాసు మీరే తాగండి.

విత్తిన ప్రమిద మీద కాడలు లేచేదాకా మాత్రం ప్లాస్టిక్ డబ్బా మూత వదులుగా కప్పవచ్చు. గాలి ఆడేందుకు ఒక పక్క పుల్ల పెట్టి ఎత్తండి. వెలుగు బాగా ఉండి నేరుగా ఎండ పడని చోట ఉంచండి. రెండు మూడు వారాలకు మట్టి మీద పచ్చటి నూగు కనిపిస్తుంది. అది పాచి అనుకుని గీకేయవద్దు. నా మొదటి ప్రమిదను నేను అలాగే పాడు చేసుకున్నాను. భూతద్దంలో పోగులు పోగులుగా కనిపిస్తే అవి నాచు మొలకలకు ముందు వచ్చే తంతువులు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో సూదిమొనల్లాంటి కాడలు లేస్తాయి. అప్పుడు మూత తీసేసి, ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలే చోటికి మార్చండి.

నీళ్లు: ఇక్కడే అందరం తప్పు చేస్తాం

వెండి నాచు దాహంతో చావదు. నెలల తరబడి ఎండి ఉండి, తడి తగలగానే లేచి కూర్చుంటుంది. దాన్ని చంపేది మన జాలి. మధ్యాహ్నం బూడిద రంగులో కనబడగానే అయ్యో అని నాలుగు చుక్కలు చిలకరిస్తాం. తడిసిన మొక్క వెంటనే ఆహారం తయారు చేసుకోలేదు. ఎండినప్పుడు దెబ్బతిన్న లోపలి భాగాలను ముందు బాగు చేసుకోవాలి, అందుకు దాచుకున్న శక్తి ఖర్చవుతుంది. సంపాదన మొదలయ్యేది ఆ తర్వాతే. మీ నాలుగు చుక్కలు ఎండకు అరగంటలో ఆరిపోతే ఖర్చు తప్ప రాబడి లేదు. కొట్టు తెరిచి, దీపం వెలిగించి, బోణీ కాకముందే తలుపులు మూసినట్టు. రోజూ అలా చేస్తే కొట్టు దివాలా తీస్తుంది.

అందుకని తడిపితే పూర్తిగా తడపండి, లేదా అసలు ముట్టుకోకండి. తెల్లవారుజామున ప్రమిదంతా నానేలా, రంధ్రం నుంచి నీళ్లు కారేలా పోయండి. ఆ తడి కనీసం మూడు నాలుగు గంటలు నిలవాలి. తర్వాత అది ఆరి వెండి రంగుకు తిరిగే దాకా ఊరుకోండి. కుదురుకున్న నాచుకు వానలు లేని రోజుల్లో వారానికి రెండుసార్లు చాలు. కొత్తగా విత్తినది మాత్రం కాడలు లేచేవరకు ఎండకూడదు.

ఏ నీళ్లు పోస్తున్నారన్నదీ ముఖ్యమే. నాచు నీటిని వేళ్లతో వడగట్టి తాగదు, ఆకులతోనే పీలుస్తుంది. ఆ ఆకులు చాలావరకు ఒక్క కణం మందం. నీటిలో ఉన్న ఉప్పంతా వాటి మీదే పేరుకుంటుంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు వాడే వాళ్లకు బకెట్ల అంచున కట్టే తెల్లటి పొర తెలుసు. నాచు మీదా అదే కడుతుంది. ఆర్ఓ యంత్రం వదిలేసే నీళ్లు ఇంకా అధ్వానం, ఉప్పు చిక్కబడి ఉంటుంది. అన్నిటికన్నా మంచివి వాన నీళ్లు. ఆ ఏటి మొదటి వాన కప్పు మీది దుమ్మును కడగనిచ్చి, తర్వాతి వాన పట్టుకోండి. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, అవీ పనికొస్తాయి. కుళాయిలో వచ్చే కావేరి నీళ్లే దిక్కయితే ఒక రాత్రి బకెట్‌లో ఉంచి వాడుతాను. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చి, తాగునీరు తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించినప్పుడు మా మేడ మీద గులాబీలు దిగులు పడ్డాయి గానీ ప్రమిదలకు ఏమీ కాలేదు. రెండు నెలలు అసలు నీళ్లే పోయలేదు.

ఏడాది పొడవునా

బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉండటం, మే నుంచి అక్టోబరు దాకా వానలు విడతలు విడతలుగా పడటం నాచుకు కలిసొచ్చిన అంశాలు. విత్తడానికి జూన్ మంచిది. సెప్టెంబరు, అక్టోబరు ముసుర్లలో మట్టి కొట్టుకుపోకుండా ప్రమిదను చూరు కిందికి జరపండి, అంతకు మించి పని లేదు. డిసెంబరు, జనవరి పొద్దుటి పొగమంచులో అది ఏ సాయమూ లేకుండా పెరుగుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు నిద్రపోనివ్వండి. చచ్చిందేమోనని అనుమానం వస్తే చిన్న ముక్క తీసి నీళ్లలో వేయండి. పచ్చబడితే బతికే ఉంది. ఒక రోజు గడిచినా గోధుమ రంగులోనే ఉంటే పోయినట్టే.

పులిచింత మొలిస్తే తడిగా ఉన్నప్పుడు పట్టకారుతో, వేరు తెగకుండా లాగండి. ఆలస్యం చేస్తే నాచుతో సహా లేస్తుంది. నల్లటి జిగురు పొర కనిపిస్తే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం, రెండు వారాలు ఆపండి. సబ్బు నీళ్లు, ఫినాయిలు తగలనివ్వకండి. గూడు కట్టుకునే కాలంలో పక్షులు పీక్కుపోతాయి. వలముక్క కప్పవచ్చు. నేను కప్పను.

పిట్టగోడ మీద ఉన్నదాన్ని ఉంచవచ్చా అని అడుగుతారు. కాంపౌండు గోడ మీద అయితే నిరభ్యంతరంగా ఉంచండి. దాని తంతువులు గోడను పగలగొట్టలేవు. కానీ శ్లాబు మీద, మెట్ల మీద, పైపుల చుట్టూ వద్దు. అది చెమ్మను పట్టి ఉంచుతుంది. పైగా శ్లాబు మీద ఒకేచోట నాచు పెరుగుతుంటే అక్కడ నీళ్లు నిలుస్తున్నాయని గుర్తు, ముందు వాలు సరిచేయించండి.

ఎవరికైనా ఇవ్వాలంటే పూర్తిగా ఎండబెట్టి, కాగితపు పొట్లంలో మడిచి, ఎక్కడ ఎప్పుడు తీశారో పెన్సిలుతో రాయండి. నెలల తర్వాత కూడా విత్తుకోవచ్చు. మొన్న అలాంటి పొట్లం ఒకటి అత్తయ్య సంచిలో తెనాలి వెళ్లింది. బావి గట్టు పక్కన ఇటుకల మీద చల్లి, వాన నీళ్లు మాత్రమే పోయమని చెప్పాను. సరేనన్నారు. నాచే చల్లారో, దాని మీద బ్లీచింగ్ పొడి కూడా చల్లారో ఇంకా అడగలేదు.